కేప్ హార్న్ పాత చార్టు చేతికొచ్చింది. ఇందులో ఉన్న దీవులు గూగుల్ మ్యాప్‌లో లేవేంటి?

కూకట్‌పల్లి_కొలంబస్
మా బావ లండన్లో ఉంటాడు. పోయిన నెల ఆదివారం సంతలో ఒక పాత ఓడ చార్టు కొని, వచ్చేవాళ్లతో పైపులో చుట్టి పంపించాడు. 140 పౌండ్లట. "నీకు మ్యాపుల పిచ్చి కదా, డబ్బులు నిదానంగా పంపు" అన్నాడు. నేను అడగలేదు అన్న సంగతి పక్కన పెడదాం.

ఆరడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. మూడు కాగితాలు అతికించి ఒకటి చేశారు. వెనకాల మొత్తం నీలం కాగితం అంటించి ఉంది, పాతకాలం అగ్గిపెట్టె రంగు. దక్షిణ అమెరికా కింది కొస, ఫాక్‌లాండ్ దీవులు, సౌత్ జార్జియా దీవి ఉన్నాయి. కింద అంచు చిరిగి అచ్చేసిన ఏడాది కనబడట్లేదు. "...రీ, 53 ఫ్లీట్ స్ట్రీట్" వరకు చదవగలిగాను. నాలుగు ఫొటోలు పెట్టాను.

అసలు తలనొప్పి ఏంటంటే, ఫాక్‌లాండ్స్‌కీ సౌత్ జార్జియాకీ మధ్యలో "అరోరా దీవులు" అని మూడు చుక్కలు అచ్చేసి ఉన్నాయి. సుమారు 53 డిగ్రీల దక్షిణం, 48 డిగ్రీల పడమర. గూగుల్‌లో అక్కడికి వెళ్తే నీళ్లు తప్ప ఏమీ లేవు. నకిలీదైతే ఇలాంటి తప్పులుంటాయా? బావ మోసపోయాడా? వాడికి నేను డబ్బులు పంపాలా వద్దా?

ఇంకోటి. అమ్మకి దీని వాసన పడట్లేదు, తడిగుడ్డ పెట్టి తుడుస్తానంటోంది. ఫ్రేముల షాపతను లామినేషన్ చేయించుకోండి అంటున్నాడు.

వెండిచేప
తడిగుడ్డ ఆపండి. ముందు అది ఆపి, తర్వాత మిగతాది మాట్లాడదాం.

గోదారి_గట్టు
బావ పంపిన సరుకుకి డబ్బులు పంపాలా అని అడిగే మొదటి బావమరిది నువ్వే.

పటాల_పాపయ్య
ఫొటోలు చూశాను. నీలం అట్ట ఉన్నవాటిని బ్లూబ్యాక్ చార్టులంటారు. ప్రభుత్వం వేసినవి కావు, లండన్ ప్రైవేటు షాపులు వ్యాపార ఓడల కోసం వేసినవి. లారీ, నోరీ, ఇమ్రే అని మూడు పెద్ద పేర్లు. ఆ మూడూ తర్వాతి కాలంలో ఒకే కంపెనీలో కలిశాయి. డెక్కు మీద తడి చేతులకీ ఉప్పుగాలికీ చిరగకుండా దళసరి నీలం కాగితం అంటించేవాళ్లు. మీరు చెప్పిన 53 ఫ్లీట్ స్ట్రీట్ లారీ వాళ్ల షాపు. ఆ "...రీ" అదే అయ్యుంటుంది.

అరోరా దీవులున్నాయంటే నకిలీ అని కాదు. ఉండటమే మంచి గుర్తు. ఆ రోజుల్లో అవి ఉన్నాయనే నమ్మారు.

హన్మకొండ_హైకర్
గట్లెట్లనే? లేని దీవిని చూసి పటంల గీసిన్రా? ఒక్కడు తాగి చెప్తె అందరు నమ్మిన్రా ఏంది?

పటాల_పాపయ్య
ఒక్కడు కాదు తమ్ముడూ. 1762లో అరోరా అనే స్పానిష్ ఓడ లిమా నుంచి కాదిజ్ వెళ్తూ చూశామంది, పేరు అందుకే వచ్చింది. కొన్నేళ్లకి శాన్ మిగెల్ అనే ఇంకో ఓడ చూసింది. అది కూడా పోనీ అనుకుందాం. 1794లో అత్రెవీదా అనే ఓడ పనిగట్టుకుని వెతుక్కుంటూ వెళ్లి, చూసి, కొలిచి, అక్షాంశం రేఖాంశం రాసుకొచ్చింది. అది మలాస్పినా యాత్రలో ఓడ, స్పెయిన్ పంపిన శాస్త్ర యాత్ర. రేఖాంశం లెక్కకి మంచి గడియారాలు, చదువుకున్న అధికారులు. వాళ్లు చెప్తే ఎవరు నమ్మరు?

తర్వాత 1820లో జేమ్స్ వెడెల్ అనే సీల్ వేటగాడు అదే చోట రోజుల తరబడి తిరిగి, ఏమీ లేదన్నాడు. అయినా పటాల మీంచి పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. దీవిని పటంలో పెట్టడానికి ఒక్కడు చూస్తే చాలు, తీయడానికి మాత్రం ఎంతమంది చూడకపోయినా చాలదు.

ప్రశ్న_గుర్తు
మరి 1794 వాళ్లు చూసిందేంటి?

పటాల_పాపయ్య
షాగ్ రాక్స్ అని నా అభిప్రాయం. సౌత్ జార్జియాకి పడమరన నడిసముద్రంలో నిటారుగా లేచిన రాళ్ల గుంపు, 70 మీటర్ల పైన ఎత్తు. షాగ్ అంటే నీటికాకి లెండి. అక్షాంశం దాదాపు సరిపోతుంది, 53 డిగ్రీలు దాటి.

డాలస్_దత్తుడు
షాగ్ రాక్స్ 42 డిగ్రీల పడమర కదా. 48 ఎక్కడ, 42 ఎక్కడ. ఆ అక్షాంశం దగ్గర ఆరు డిగ్రీలంటే దాదాపు 400 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బయల్దేరి బెజవాడ, ఏలూరు దాటి తాడేపల్లిగూడెం పోయినంత. గడియారాలున్న ఓడ అంత తప్పుతుందా? నేనైతే మంచుకొండలంటాను. మట్టీ రాళ్లూ అంటుకున్న మంచుకొండ దూరం నుంచి అచ్చం దీవిలాగే ఉంటుంది.

అన్నట్టు 1513 నాటి పీరీ రయీస్ పటంలో మంచు లేని అంటార్కిటికా తీరం ఉందని విన్నాను. పాతవాళ్లకి మనకి తెలియనివి చాలా తెలుసు.

పటాల_పాపయ్య
మంచుకొండ వాదన కాదనలేను, 1762 వాళ్ల విషయంలో ముఖ్యంగా. కానీ పీరీ రయీస్ ఇక్కడికి కూడా వచ్చేశాడా! ఆ తోలు ముక్క అడుగున తీరాన్ని చోటు చాలక పక్కకి వంచి గీశాడని చాలామంది అంటారు. అది దక్షిణ అమెరికా తీరమే. పైగా ఆ చోటే ఆయన రాసుకున్న మాట ఏంటో తెలుసా? ఈ తీరాలు బాగా వేడి, పెద్ద పెద్ద పాములుంటాయి అని. అంటార్కిటికాలో పాములా దత్తుడు గారూ?

గోదారి_గట్టు
మంచుపాములు.

డాలస్_దత్తుడు
సరే సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. మంచుకొండ మాత్రం తీసుకోను.

రిటైర్డ్_సరంగు
హ్యాండిల్ చూసి సరంగు అనుకోకండి, చీఫ్ ఆఫీసరుగా దిగిపోయాను. విశాఖలో ఉంటాను. ఒకసారి సరుకు ఓడ మీద దక్షిణ అమెరికా కొసన ఉన్న మెజెల్లాన్ జలసంధి దాటాను. చిలీ పైలట్లు ఎక్కారు, వాళ్లు లేకుండా వెళ్లనివ్వరు. అటూ ఇటూ నల్లటి కొండలు, పైన మంచు, ఉన్నట్టుండి కొండ మీంచి గాలి దబ్బున కిందికి పడుతుంది. విల్లీవా అంటారు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే రెయిలింగు పట్టుకున్నాం. టీ కప్పు ఎగిరిపోయింది, దాని జాడ ఇప్పటికీ తెలీదు.

దత్తుడు గారికి ఒక మాట. 1762 ఓడలో రేఖాంశం ఎలా తెలిసేది? ముళ్లు వేసిన తాడు వెనక వదిలి, ఇసుక గడియారం తిరగేసి, ఎన్ని ముళ్లు జారాయో లెక్కబెట్టేవాళ్లు. వేగం అదే. దాన్ని గంటలతో హెచ్చవేసి, ప్రవాహం ఎంత తోసిందో నోటికి తోచినంత కలుపుకునేవాళ్లు. అక్షాంశం సూర్యుణ్ణి చూసి తెలిసిపోయేది. అందుకే పాత పటాల్లో దీవులు పైకీ కిందికీ తక్కువ జరుగుతాయి, పక్కకి మాత్రం వీరవిహారం చేస్తాయి. 1794 సంగతి వేరు, అక్కడ నాకూ సమాధానం లేదు.

మా రోజుల్లో కూడా అడ్మిరాల్టీ (బ్రిటిష్ నౌకాదళం) చార్టుల మీద రెండు అక్షరాలుండేవి. పి.డి. అంటే చోటు అనుమానం. ఇ.డి. అంటే అసలు ఉందా అనేదే అనుమానం. ఇ.డి. అని ఉన్నా దాని మీదుగా ఓడని ఎవడూ నడపడు.

హన్మకొండ_హైకర్
ఇప్పుడు గూడ ఇ.డి. అంటే అందరికి భయమే గద సరంగు సాబ్ 😄

రిటైర్డ్_సరంగు
ఆ ఇ.డి. గురించి నేను మాట్లాడను.

కూకట్‌పల్లి_కొలంబస్
పాపయ్య గారూ, అయితే ఇది ఏ ఏడాదిదో కనిపెట్టే మార్గం ఉందా? కింద అంచు పోయిందని చెప్పాను కదా.

పటాల_పాపయ్య
పటంలో ఏముందో, ఏం లేదో చూడండి. సౌత్ షెట్లాండ్ ఉందా? సౌత్ ఆర్క్‌నీ? ఫాక్‌లాండ్స్‌లో స్టాన్లీ అని ఊరుందా, పోర్ట్ లూయిస్ మాత్రమేనా? కింది కొసన ఉన్న టియెరా డెల్ ఫ్యూగో దీవికి దక్షిణం వైపు బీగిల్ కాలువ కనిపిస్తోందా?

కూకట్‌పల్లి_కొలంబస్
అమ్మ కళ్లద్దాలు, నా ఫోను టార్చి పెట్టుకుని నేల మీద బోర్లా పడుకుని చూశాను. కింద అంచులో "న్యూ సౌత్ షెట్లాండ్" ఉంది, సగం చుక్కల గీతలే. దాని కుడివైపు "పావెల్స్ గ్రూప్" అని ఉంది. ఫాక్‌లాండ్స్‌లో పోర్ట్ లూయిస్ ఉంది, స్టాన్లీ లేదు. బీగిల్ కాలువ లేదు, అక్కడంతా ముక్కలు ముక్కలుగా గీసి మధ్యలో ఖాళీ వదిలేశారు.

పటాల_పాపయ్య
భలే! సౌత్ షెట్లాండ్‌ని విలియం స్మిత్ 1819లో చూశాడు. పావెల్స్ గ్రూప్ అంటే ఇప్పటి సౌత్ ఆర్క్‌నీ. జార్జ్ పావెల్, అమెరికావాడు పామర్ కలిసి 1821 డిసెంబరులో చూశారు. పావెల్ పటాన్ని 1822లో అచ్చేసింది కూడా ఈ లారీ షాపే. కాబట్టి 1822కి ముందుది కాదు. బీగిల్ కాలువ 1830లో తెలిసింది. స్టాన్లీ 1840ల మధ్యలో రాజధాని అయింది. నా లెక్క 1822కీ 1835కీ మధ్య.

వెండిచేప
పాపయ్య గారితో పూర్తిగా ఏకీభవించను. ఉన్నదాన్ని బట్టి "దీని తర్వాతే" అని ధైర్యంగా చెప్పొచ్చు. లేనిదాన్ని బట్టి "దీనికి ముందే" అని చెప్పలేం. రాగి రేకు మీద చెక్కించడం ఖరీదైన పని. ప్రైవేటు షాపులు అదే రేకుని ఏళ్ల తరబడి వాడేవి, అమ్ముడుపోతున్నంత కాలం దిద్దేవాళ్లు కాదు. స్టాన్లీ లేదంటే ఊరు లేదని కాదు, షాపు యజమానికి తీరిక లేదని కూడా కావచ్చు.

పటాల_పాపయ్య
ఒప్పుకుంటున్నాను. 1822 తర్వాత అని మాత్రం గట్టిగా అంటాను. 1835 నా ఆశ.

ప్రశ్న_గుర్తు
ఇదంతా నకలు పటం మీద కూడా అలాగే ఉంటుంది కదా? అసలుదాన్ని ఫొటో తీసి అచ్చేస్తే?

వెండిచేప
సరైన ప్రశ్న. నా ఉద్యోగం పాత కాగితాలు బాగుచేయడమే, అందుకని చెప్తున్నా. కొలంబస్ గారూ, ఇంట్లో భూతద్దం ఉంటే ఒక అక్షరాన్ని దగ్గరగా చూడండి. ఆఫ్‌సెట్ అచ్చయితే చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. రాగిరేకు అచ్చయితే గీత గీతలాగే ఉంటుంది, సిరా కాగితం మీద కాస్త ఉబ్బి ఉంటుంది. గది చీకటి చేసి టార్చిని పక్కనుంచి కాగితానికి ఆనించి కొడితే ఆ ఉబ్బు తెలుస్తుంది.

రెండోది, మీ దగ్గర్లో ఏ హోల్‌సేల్ షాపులోనైనా దొంగనోట్లు చూసే ఊదా లైటు ఉంటుంది. దాని కింద పెట్టండి. గత అరవై డెబ్బై ఏళ్ల కాగితం చాలావరకు తెల్లచొక్కాకి నీలిమందు పెట్టినట్టు మెరుస్తుంది. గుడ్డపేలికలతో చేసిన పాత కాగితం మెరవదు, మట్టిరంగులో మౌనంగా ఉంటుంది.

కూకట్‌పల్లి_కొలంబస్
వెళ్లొచ్చాను. మా వీధి చివర నూనె హోల్‌సేల్ షాపు. ఆరడుగుల పటం పైపులోంచి తీస్తుంటే సేటు "ఇది ఏ దేశం నోటు?" అన్నాడు. క్యూలో ఉన్న నలుగురూ పట్టుకుని నిలబడ్డారు. నూనె డబ్బాలకి తగలకుండా మూల మాత్రం లైటు కింద పెట్టాం. ఏమీ మెరవలేదు. పక్కన బిల్లు పుస్తకం మాత్రం తళతళలాడింది. భూతద్దంలో చుక్కల్లేవు. వేలు పెట్టి రాస్తే అక్షరాలు గరుగ్గా తగులుతున్నాయి.

బావకి డబ్బులు పంపేశాను.

గోదారి_గట్టు
నూనె షాపులో 200 ఏళ్ల పటం విప్పావా! వెండిచేప గారికి ఈ రాత్రి నిద్ర ఉండదు.

వెండిచేప
చదివి ఒక గ్లాసు నీళ్లు తాగాను.

లామినేషన్ వద్దు. ఒకసారి ప్లాస్టిక్ కరిగి కాగితంలోకి దిగితే బయటికి రాదు. ఫెవికాల్, సెల్లోటేపు వద్దు. చిరిగినచోట అతికించేది గోధుమ గంజి. మన సినిమా పోస్టర్లకి కాచే మైదా జిగురుకి దూరపు చుట్టం అనుకోండి, కాకపోతే బంక తీసేసిన శుద్ధమైన పిండిపదార్థం, మైలుతుత్తం కలపరు. దానికి ఉన్న గొప్పదనం ఒక్కటే, రేపు తడిపితే మళ్లీ ఊడొస్తుంది. అది కూడా తెలిసినవాళ్ల చేత చేయించండి. నీలం అట్ట పీకమని ఎవరైనా అంటే వాళ్లని ఇంట్లోకి రానివ్వకండి. అమ్మగారికి వాసన పడకపోతే రెండ్రోజులు ఎండ తగలని గదిలో ఫ్యాన్ కింద పరిచి ఉంచండి, అంతే.

భీమిలి_బోటు
ఇంగ్లీషు చార్టుల సంగతి నాకు తెలీదు గానీ, లోతులు ఫాదమ్‌లలో ఉంటాయి కదా, అది మా బారే. రెండు చేతులు చాపితే ఎంతో అంత. వాళ్లు ఆరడుగులని కట్టుదిట్టం చేశారు, మాది తాత చేతుల్ని బట్టి మారుద్ది.

చార్టులో అంకెల పక్కన చిన్న అక్షరాలేమైనా ఉన్నాయా? నేల ఎలాంటిదో రాస్తారని విన్నాను.

రిటైర్డ్_సరంగు
ఉంటాయి బోటు బాబూ. ఇసుక, బురద, గవ్వలు, రాయి, ఒక్కోదానికి ఒక్కో అక్షరం. ఎలా తెలిసేదో చెప్తాను వినండి. తాడు కొసన సీసపు గుండు ఉంటుంది. దాని అడుగున చిన్న గుంట. ఆ గుంటలో జంతువుల కొవ్వు కూరి కిందికి వదిలేవాళ్లు. పైకి లాగితే కొవ్వుకి అడుగు నేల అంటుకుని వచ్చేది. దాన్ని వేలితో నలిపి, వాసన చూసి, రాసుకునేవాళ్లు. పటం మీద ఒక్కో అంకె వెనక ఒక మనిషి చలిలో తడి తాడు లాగిన పని ఉంది.

భీమిలి_బోటు
మా తాత వల లాగినప్పుడు అంటిన బురద నలిపి చూసి, ఇది ఫలానా చోటు అనేవాడు. కొవ్వు సంగతి తెలిస్తే సంతోషించేవాడు.

ఇంకోటి. వల వేసే చోటు గుర్తుకి కొండనీ గుడి గోపురాన్నీ ఒకే గీతలోకి తెచ్చుకునేవాళ్లు, ఇంకోపక్క ఇంకో జత. రెండు గీతలు కలిసిన చోట వల. చార్టుల్లో కొండల బొమ్మలు గీస్తారట, అది కూడా ఇదేనా?

రిటైర్డ్_సరంగు
అచ్చంగా అదే. సముద్రం మీంచి చూస్తే తీరం ఎలా కనబడుతుందో పక్కనుంచి గీసిన బొమ్మలు. కొలంబస్ గారి రెండో ఫొటోలో పైమూల కేప్ హార్న్ బొమ్మ ఉంది చూడండి. పడుకున్న సింహంలా నల్లటి ముక్కు. పొగమంచు తొలిగి రెండు నిమిషాలు తీరం కనబడితే, ఆ బొమ్మతో పోల్చుకుని "మనం ఫలానా చోట ఉన్నాం" అనుకునేవాళ్లు.

హన్మకొండ_హైకర్
గూగుల్ మ్యాప్ల ఆ తీరం జూసిన. పేర్లు సదువుతుంటె ఏడుపొస్తుంది. ఆకలి రేవు, పనికిరాని అఖాతం, ఆఖరి ఆశ, వైరాగ్యం దీవి. ఎవడన్న పెండ్లి సంబంధం తప్పిపోయినోడు పెట్టిండా?

గోదారి_గట్టు
నా అప్రైజల్ ఫారంలో హెడ్డింగులు ఇవే.

పటాల_పాపయ్య
ఒక్కో పేరు వెనక ఒక్కో కథ. ఆకలి రేవు కథ చెప్తాను. 1584లో సార్మియెంతో అనే స్పానిష్ కెప్టెన్ మెజెల్లాన్ జలసంధిలో ఊరు కట్టి జనాన్ని దింపాడు. తిండి రాలేదు. 1587లో ఇంగ్లీషువాడు కావెండిష్ వచ్చేసరికి ఊరి నిండా శవాలు, బతికున్నవాళ్లు చేతివేళ్ల మీద లెక్కపెట్టేంత. ఆయన పెట్టిన పేరు పోర్ట్ ఫామిన్. ఆఖరి ఆశ అంటే జలసంధిలోకి దారి వెతుకుతూ 1557లో లద్రియెరో అనే ఆయన ఇదే ఆఖరి ప్రయత్నం అనుకుని దూరిన అఖాతం. దారి లేదు. సౌత్ జార్జియా దక్షిణ కొసకి ఇంగ్లీషు కెప్టెన్ కుక్ 1775లో పెట్టిన పేరు నిరాశ అగ్రం. దక్షిణ ఖండం దొరికింది అనుకుని తీరం పట్టుకు వెళ్తే అది దీవి అని అక్కడ తేలింది.

ఆ ఆకలి రేవులోనే 1828లో బీగిల్ అనే సర్వే ఓడ మొదటి కెప్టెన్ స్టోక్స్ తుపాకీతో కాల్చుకున్నాడు. నెలల తరబడి ఆ వానలో, ఆ చలిలో తీరం కొలిచి కొలిచి. ఆయన చోటులో వచ్చినవాడు ఫిట్జ్‌రాయ్, వయసు 23. రెండోసారి డార్విన్‌ని ఎక్కించుకుని వెళ్లింది ఈయనే, 22 గడియారాలు పెట్టుకుని. సర్వేకి ఒక ఓడ చాలదని సొంత డబ్బుతో ఇంకో ఓడ కొన్నాడు, అడ్మిరాల్టీ ఆ డబ్బు ఇవ్వలేదు. ఆయన గీసిన పటాలు 20వ శతాబ్దంలో కూడా వాడుకలో ఉన్నాయి.

డాలస్_దత్తుడు
రీయింబర్స్‌మెంట్ రిజెక్ట్ అయిన మొదటి ఆన్‌సైట్ ఉద్యోగి.

చలిమంట
చాలాసేపట్నుంచి చదువుతున్నాను. అందరూ "కనిపెట్టారు, చూశారు, పేరు పెట్టారు" అంటున్నారు. కొలంబస్ గారి పటంలో ఖాళీగా వదిలేసిన చోట మనుషులున్నారు. యాగన్ జాతివాళ్లు, చెట్టుబెరడు పడవల్లో మధ్యలో నిప్పు పెట్టుకుని ఆ నీళ్లలోనే బతికారు. టియెరా డెల్ ఫ్యూగో అంటే నిప్పునేల అని కదా, ఒడ్డున మంటలు చూసి మెజెల్లాన్ కాలంలో పడిన పేరు. బీగిల్ కాలువకి వాళ్ల పేరు ఒనాషాగా. ఓడ పేరు పెట్టాక ఆ పేరు పటం ఎక్కలేదు. ఆ ఒడ్డున ఉన్న ఊరు ఉషుఆయా పేరు మాత్రం వాళ్ల మాటే, ఎలాగో మిగిలింది.

1830లో ఫిట్జ్‌రాయ్ పడవ ఒకటి దొంగతనానికి పోతే, ఆయన నలుగుర్ని పట్టుకుని ఇంగ్లండ్ తీసుకెళ్లాడు. ఒకడికి పడవ జ్ఞాపకం అని పేరు పెట్టారు. అతను అక్కడ మశూచితో పోయాడు. యాగన్ మాతృభాషగా మాట్లాడిన ఆఖరి మనిషి క్రిస్తీనా కాల్డెరోన్, 2022లో 93 ఏళ్లకి పోయింది. పటంలో ఖాళీ అంటే నాకు ఇదంతా గుర్తొస్తుంది.

భీమిలి_బోటు
మా బీచికి కూడా దొరలు పెట్టిన పేర్లున్నాయి. మావాళ్లు ఆ కొండల్ని ఏమని పిలిచేవారో నేను తాతని అడగలేదు.

పటాల_పాపయ్య
చలిమంట గారి మాట ఒప్పుకుంటున్నాను. నేను పటాన్ని చూస్తే కాగితం, సిరా, తేదీ చూస్తాను. అలవాటు.

ప్రశ్న_గుర్తు
దీంట్లో మన తెలుగువాళ్లకి ఏమైనా సంబంధం ఉందా, లేక కొలంబస్ గారి నూనె షాపు ఒక్కటేనా?

పటాల_పాపయ్య
తెలుగువాళ్లకి అనలేను, మద్రాసుకి ఉంది. అలెగ్జాండర్ డాల్రింపుల్ అని ఒకాయన, 1750లలో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా మద్రాసులో దిగాడు. దక్షిణాన మహాఖండం ఉండి తీరుతుందని పుస్తకాలు రాశాడు. 1768లో దాన్ని వెతికే ఓడ తనకే ఇస్తారనుకున్నాడు, కుక్‌కి ఇచ్చారు. కుక్ వెళ్లి మీరు చెప్పిన ఖండం లేదు అని తేల్చాడు. ఆ డాల్రింపులే 1795లో బ్రిటిష్ నౌకాదళం పటాల ఆఫీసుకి మొదటి అధిపతి. ఉన్నవాటి పటాలు గీయించే ఉద్యోగం, లేనిదాన్ని జీవితమంతా నమ్మినవాడికి.

డాలస్_దత్తుడు
నా దగ్గర కూడా ఒకటి ఉంది. ఫ్రెంచివాడు బెల్లాన్ వేసిన మెజెల్లాన్ జలసంధి, 1753, చిన్నది. అంకెలు గూగుల్‌తో పోల్చితే అన్నీ రెండు డిగ్రీల పైచిలుకు పక్కకి ఉన్నాయి. అంత పేరున్నవాడు ఇంత తప్పా అని గోడమీంచి దించేశాను.

రిటైర్డ్_సరంగు
మళ్లీ తగిలించండి. ఫ్రెంచివాళ్లు సున్నాని గ్రీనిచ్ నుంచి కాదు, ప్యారిస్ నుంచి లెక్కపెట్టేవాళ్లు. తేడా 2 డిగ్రీల 20 నిమిషాలు. ముందు పటం అంచులో ఏ ఊరి పేరు రాశారో చూడండి.

డాలస్_దత్తుడు
ప్యారిస్ అనే ఉంది. ఏడాది నుంచి అటకమీద ఉంది పాపం. బెల్లాన్‌కి క్షమాపణలు.

కూకట్‌పల్లి_కొలంబస్
వెండిచేప గారు చెప్పినట్టు రెండ్రోజులు ఫ్యాన్ కింద పరిచాను. పక్కనుంచి లైటు పడితే ఇంతకుముందు కనబడనిది ఒకటి కనబడింది. పెన్సిల్ గీత! హార్న్ కింద 57 డిగ్రీల దగ్గర మొదలై ఈశాన్యంగా పైకి వెళ్తోంది. మధ్యమధ్యలో చుక్క, చుక్కచుట్టూ సున్నా, పక్కన తేదీలు. జనవరి 9, 10, 11, 12. ఏడాది లేదు. కొన్నిచోట్ల చెరిపి మళ్లీ గీశారు. రబ్బరుతో తుడిచేయాలా? పటం నీటుగా ఉంటుందా?

వెండిచేప
వద్దు వద్దు వద్దు.

పటాల_పాపయ్య
ఆ గీతకే 140 పౌండ్లు. అచ్చుపటం లాంటివి ఇంకా ఎక్కడో ఉంటాయి. ఆ గీత ఉన్నది ఇదొక్కటే.

రిటైర్డ్_సరంగు
సున్నాలో చుక్క అంటే మధ్యాహ్నం ఓడ ఎక్కడుందో ఆ గుర్తు. ఒక సున్నా నుంచి ఇంకో సున్నాకి ఒక రోజు. గీత అరోరా దీవుల దగ్గర ఎలా పోతోందో ఫొటో పెట్టండి.

కూకట్‌పల్లి_కొలంబస్
పెట్టాను. తిన్నగా వచ్చింది, దీవుల దగ్గర పడమరకి ఒంగి, చుట్టు తిరిగి, మళ్లీ పాత దారిలో పడింది.

హన్మకొండ_హైకర్
అంటే లేని దీవిని పక్కకెళ్లి దాటిన్రు!

డాలస్_దత్తుడు
తొందరపడకండి. తెరచాప ఓడ తిన్నగా పోదు. గాలి మారితే గీత ఒంగుతుంది. దీవికి భయపడ్డారనడానికి ఆధారం ఏది?

రిటైర్డ్_సరంగు
దత్తుడు గారు అన్నది సబబే. ఒక పని చేయండి కొలంబస్ గారూ. పిల్లల జామెట్రీ బాక్సులో డివైడర్ తీసుకోండి, కాగితానికి గుచ్చకండి, పైన పట్టుకోండి. రెండు సున్నాల మధ్య దూరం పట్టి, పటం పక్క అంచున, అదే ఎత్తులో ఉన్న అక్షాంశం గీతల మీద పెట్టండి. ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు. పై అంచు మీద మాత్రం కొలవకండి, అది రేఖాంశం, ఆ చలి ప్రదేశంలో కుంచించుకుపోయి ఉంటుంది. నాలుగు సున్నాల మధ్య మూడు దూరాలూ చెప్పండి.

కూకట్‌పల్లి_కొలంబస్
మా అబ్బాయి బాక్సు ఇవ్వడానికి ఐస్‌క్రీమ్ అడిగాడు. ఇచ్చాను.

9 నుంచి 10కి సుమారు 168. 10 నుంచి 11కి 61. 11 నుంచి 12కి 154. ఆ 61 ఉన్న రోజే దీవుల పక్కన.

రిటైర్డ్_సరంగు
ఆ రాత్రి చాపలు దించి నిలబడ్డారు. తెల్లారేదాకా ఒకడు ముందు కూచుని చీకట్లోకి చూస్తూ ఉండుంటాడు.

డాలస్_దత్తుడు
లేదా గాలి పడిపోయింది.

రిటైర్డ్_సరంగు
లేదా గాలి పడిపోయింది. 53 దక్షిణంలో, అదీ సరిగ్గా ఆ ఒక్క రాత్రి.

కూకట్‌పల్లి_కొలంబస్
అమ్మ వాసన సంగతి మర్చిపోయి పక్కనే కూచుంది. "ఆ రాత్రి ఏమైందిరా మరి?" అంటోంది.

గోదారి_గట్టు
ఏమవుతుంది పిన్నిగారూ. తెల్లారింది, చూస్తే నీళ్లు.